పాత కారును ఇంట్లో బాగుచేసుకునేటప్పుడు రంగు, జిగురు ఎంచుకోవడం ఎలా?

పాత కారు తెచ్చుకున్నవాళ్లు ఇంజిన్ గురించి నెలల తరబడి చదువుతారు. రంగు డబ్బా, జిగురు ట్యూబు మాత్రం చేతికి ఏది దొరికితే అది తెచ్చుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. తలుపు మీద పాత రంగు గట్టిగానే ఉంది కదా అని పైపైన రుద్ది, దానిమీద లాకర్ అనే త్వరగా ఆరే రంగు కొట్టాను. పది నిమిషాలు అద్దంలా మెరిసింది. ఆ తర్వాత నా కళ్ల ముందే, అంచుల దగ్గర మొదలై, చల్లారుతున్న పాల మీద మీగడలా తలుపంతా ముడుచుకుపోయింది. దాన్ని రేకు దాకా గీకి తీయడానికి రెండు ఆదివారాలు పట్టింది. కొత్త రంగు మంచిదే, పాత రంగూ మంచిదే. ఆ రెండింటికీ పడదని నాకు తెలియదు, అంతే.

అప్పటినుంచి ఏ డబ్బా మూత తీసేముందైనా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. రంగు అయితే, దీని కింద ఏముంది? జిగురు అయితే, దీన్ని ఎప్పుడైనా ఊడదీయాల్సి వస్తుందా? రంగు ఊడకూడదు. జిగురు చాలాచోట్ల ఊడి రావాలి. పాత కారులో ఏ భాగాన్నయినా ఎవరో ఒకరు మళ్లీ విప్పక తప్పదు. ఆ విప్పేది చాలాసార్లు మనమే.

1. ముందు పాత రంగు ఏమిటో కనుక్కోండి

డిక్కీ మూత లోపలి అంచు, తలుపు కింది భాగం వంటి కనిపించని చోటు చూసుకోండి. లాకర్ థిన్నర్‌లో ముంచిన తెల్లటి గుడ్డను అక్కడ అర నిమిషం అదిమిపెట్టి రుద్దండి. రంగు కరిగి గుడ్డకు ధారాళంగా అంటితే అది లాకర్. మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్ (నెమ్మదిగా ఆరే రంగు). మెరుపు కూడా తగ్గకుండా అలాగే ఉంటే హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రావణం) కలిపి వేసిన రెండు భాగాల రంగు అయి ఉంటుంది. తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిచేసి నాలుగుసార్లు రుద్దండి. నీళ్లలోకి కారు రంగే దిగితే పైన క్లియర్ కోటు (రంగు లేని, పారదర్శకమైన పై పొర) లేదు. పాలలా తెల్లగా వస్తే ఉంది.

కారు వయసును బట్టి ఊహించవచ్చు కానీ నమ్మకూడదు. 1920ల దాకా కార్లకు వేసిన వార్నిష్ రంగులు ఆరడానికి వారాలు పట్టేది. ద్యూపాంట్ సంస్థ తెచ్చిన డూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు వేసింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. కారు రంగు పనినే 'డూకో' అనే అలవాటు ఆ పేరు నుంచి వచ్చిందే. తర్వాత ఎనామెళ్లు, 1950ల రెండో సగంలో అక్రిలిక్ లాకర్లు, ఆపైన రెండు భాగాల రంగులు, 1980లకల్లా క్లియర్ కోటు. అయితే 50 ఏళ్ల కారుకు ఈలోగా ఎన్నిసార్లు రంగు వేశారో ఎవరికి తెలుసు? ఒకచోట రూపాయి బిళ్లంత మేర 180 పేపర్‌తో రేకు కనిపించేదాకా ఏటవాలుగా రుద్దండి. చెట్టు మానులో వలయాల్లా పొరలు ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. నా కారులో బూడిద ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పొర), లేత నీలం, మళ్లీ బూడిద, తెలుపు, ఆపైన ముదురు నీలం వచ్చాయి. అన్ని పొరలున్న చోట పైనుంచి ఇంకొకటి వేయడం అంటే చెమ్మ ఊరే గోడకు సున్నం కొట్టడమే.

పాత పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోనూ పాత ప్రైమర్లలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పొడిగా, ముఖ్యంగా మెషిన్‌తో, రుద్దకండి. తడిపి రుద్దండి. ఆ మడ్డిని ఆరకముందే గుడ్డతో ఎత్తేయండి. ఒంటిమీది బట్టలు విడిగా ఉతకండి. చిన్నపిల్లలను ఆ ఛాయలకు రానివ్వకండి.

2. ఉంచాలా, గీకాలా?

థిన్నర్‌కు చలించని ఒకటి రెండు గట్టి పొరలే ఉంటే వాటిని ఉంచడమే తెలివి. 320 లేదా 400 పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. పొరలు ఎక్కువైనా, ఎక్కడైనా పెచ్చులు లేస్తున్నా రేకు దాకా తీయాల్సిందే.

రంగు తీసే ద్రావకాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉన్నది కొనకండి. గాలి ఆడని గదుల్లో దాని ఆవిరి పీల్చి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. మరే ద్రావకమైనా ఆరుబయటే వాడండి. అతుకుల సందుల్లో మిగిలిపోయిన కాస్త ద్రావకం నెలల తర్వాత బయటికి పాకి కొత్త రంగును లేపుతుంది. అందుకని అతుకులకు ఒక అంగుళం ఇవతలే ఆపి, అక్కడి రంగును చేత్తో గీకండి. ఫైబర్‌గ్లాస్ బాడీలకు (1953 నుంచి వస్తున్న కొర్వెట్ లాంటివి) మామూలు ద్రావకాలు అసలు తగలనివ్వకూడదు. అవి రంగుతో ఆగవు, కింది రెజిన్‌ను కూడా తింటాయి. ఇసుక గాలితో కొట్టించాలనుకుంటే చాసిస్, సస్పెన్షన్ ముక్కలకు పరిమితం చేయండి. బానెట్, తలుపుల వంటి పలచటి రేకులు ఆ దెబ్బకు వంకర పోతాయి.

అన్నిటికన్నా ముందు, రుద్దడానికి కూడా ముందు, జిడ్డు తీయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మైనం, సిలికాన్ పాలిష్ ఉన్న రేకును రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. రంగు కొట్టిన క్షణంలో చేప కళ్లలా గుండ్రటి గుంటలు లేస్తాయి. జిడ్డు తీసే ద్రావకంతో ఒక గుడ్డ తడిపి తుడుస్తూ, అది ఆరకముందే రెండో చేతిలోని పొడిగుడ్డతో ఎత్తేయండి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు చోటు మారుతుంది తప్ప పోదు.

తుప్పును తీసేయడమే మందు. గుంటల్లో మిగిలిన నల్లటి చుక్కలకు మాత్రం తుప్పు మార్చే ద్రావణం వాడవచ్చు. వాటిలో చాలావరకు ఫాస్ఫారిక్ లేదా టానిక్ ఆమ్లం ఉంటుంది. డబ్బా మీద చెప్పిన పద్ధతిలో దాన్ని పూర్తిగా కడగకపోతే, పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ ఆ ఆమ్లం మీద నిలవదు.

3. ప్రైమర్, పుట్టీ: వరుస తప్పితే అంతే

ఖాళీ రేకు మీద నేను ఎపాక్సీ ప్రైమరే వేస్తాను. అది రేకును పట్టుకుంటుంది, తేమను ఆపుతుంది, పైన వచ్చే ద్రావకాలకు అడ్డుగోడ అవుతుంది. ఆమ్లం ఉన్న ఎచ్ ప్రైమర్ కూడా రేకును బాగానే కొరికి పట్టుకుంటుంది కానీ అది పలచటి పొర, దానంతటది నీటిని ఆపలేదు. పైగా దానిమీద పాలియెస్టర్ పుట్టీ పెట్టకూడదు. ఆ ఆమ్లం పుట్టీ గట్టిపడటాన్ని చెడగొడుతుంది. ఎచ్ మీద ఎపాక్సీ వేయడానికి కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. రెండూ ఉంటే ఇంకా మంచిది కదా అనుకుంటాం. కాదు. ఒకదాన్ని ఎంచుకుని దానితోనే ఉండండి.

రేకు శుభ్రం చేసిన రోజే ఎపాక్సీ పడాలి. రాత్రి అలా వదిలేస్తే చేతి వేలిముద్రలే తుప్పు మచ్చలవుతాయి. పుట్టీ ఆ ఎపాక్సీ పైన. దాన్ని 3 మిల్లీమీటర్లకు మించి మందం పెట్టాల్సి వస్తోందంటే రేకు సాపు చేసే పని ఇంకా మిగిలి ఉందని అర్థం. పుట్టీలో హార్డెనర్ బరువులో సుమారు 2 శాతం. త్వరగా ఆరాలని ఎక్కువ కలిపితే, అందులోని పెరాక్సైడ్ పైకి ఊరి, తెలుపు, లేత రంగుల మీద మరకై తేలుతుంది. ఆ మరక మీద ఎన్ని కోట్లు వేసినా మళ్లీ వస్తుంది. కలిపిన ముద్దలో చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా, గాలి బుడగలు రాకుండా చదునైన పలక మీద నొక్కుతూ కలపండి. గిన్నెలో పిండి కలిపినట్టు గిరగిరా తిప్పితే ప్రతి బుడగా రేపు ఒక సూది బెజ్జం.

పుట్టీని తడిపి రుద్దకండి. అది నీళ్లు తాగుతుంది, తాగిన నీటిని దాచుకుంటుంది. పొడిగా 80తో మొదలుపెట్టి 180 దాకా వెళ్లండి. దానిమీద మందపాటి సర్ఫేసర్ (గీతలు, చిన్న గుంటలు పూడ్చే ప్రైమర్). అది ఆరాక నల్ల రంగును దూరం నుంచి మంచులా చల్లి, చదునైన చెక్కకు పేపర్ చుట్టి రుద్దండి. ఎత్తున్నచోట నలుపు పోతుంది, పల్లమున్నచోట మిగులుతుంది. అరచేయి చెప్పలేని గుంటను ఆ నలుపు చెబుతుంది. చివరి రుద్దుడు మామూలు రంగులకు 400, మెటాలిక్ రంగులకు 600. ఇంతకన్నా గరుకు గీతలు ఇవాళ కనిపించవు. లాకర్ నెల రోజులకు కుదించుకున్నాక ఒక్కొక్కటే పైకి తేలతాయి.

4. పై రంగు ఏది?

లాకర్ ఇంట్లో పనిచేసేవాడికి అచ్చంగా సరిపోతుంది. నిమిషాల్లో ఆరుతుంది కాబట్టి దుమ్ము అంటే వ్యవధి ఉండదు. కారిన చారను రేపు రుద్ది సరిచేయవచ్చు. కానీ పొర పలచన. కోట్లు ఎక్కువ వేయాలి, ఆ తర్వాత పాలిష్ పని చాలా ఉంటుంది. పెట్రోలు చుక్క పడితే మచ్చే. తేమ ఎక్కువున్న రోజు కొడితే, ద్రావకం ఆవిరవుతూ రేకును చల్లబరచడం వల్ల గాలిలో నీరు పొరమీద చేరి తెల్లగా పాలిపోతుంది. అలాంటప్పుడు నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి. లేదా ఆ రోజుకు పని మానుకోండి.

సింథటిక్ ఎనామెల్‌ను కుంచెతోనూ, నురగ రోలర్‌తోనూ వేయవచ్చు. చాసిస్‌కు, జీపు లాంటి మొరటు బండికి హాయిగా నప్పుతుంది. దానితో వచ్చే చిక్కు రెండో కోటు వేళ. డబ్బా మీద చెప్పిన గంటలలోపు వేయాలి, లేదంటే పూర్తిగా గట్టిపడేదాకా రోజులకొద్దీ ఆగాలి. మధ్యలో వేస్తే నా తలుపు కథే. ఈ రంగు తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడి ముద్దలో చిక్కుకుని నిప్పు పుట్టవచ్చు. విడదీసి తీగ మీద ఆరేయండి.

మన్నికలో, మెరుపులో రెండు భాగాల యురేథేన్‌ను మించింది లేదు. అయినా ఇంట్లో కొట్టవద్దనే చెబుతాను. హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెస్తాయి. ఒకసారి వాటికి అలర్జీ ఏర్పడితే ఆ తర్వాత అతి కొద్దిగా తగిలినా ఊపిరి ఆడదు. ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా వాసన రాదు కాబట్టి, మాస్కులోని బొగ్గు ఫిల్టర్ అయిపోయిన సంగతి ముక్కుకు తెలియదు. బయటి స్వచ్ఛమైన గాలిని గొట్టంతో అందించే మాస్కు, చర్మం, కళ్లు పూర్తిగా కప్పే దుస్తులు కావాలి. అడుగున మీట నొక్కి వాడే రెండు భాగాల స్ప్రే డబ్బాల్లోనూ ఇదే ఉంటుంది. చిన్న డబ్బా కదా అని మోసపోకండి. యురేథేన్ సర్ఫేసర్లూ ఇదే కోవ. మీకు ఈ రంగే కావాలంటే రుద్దుడు పనంతా ఇంట్లో చేసుకుని, చివరి కోట్లకు కారును స్ప్రే బూత్ ఉన్నవాళ్లకు అప్పగించండి. శ్రమలో తొంభై పాళ్లు రుద్దుడులోనే ఉంటుంది. దాన్ని మీరు చేసినట్టే.

క్లియర్ కోటు విషయంలో నాది కొంచెం మొండితనం. 1960ల నాటి సాదా రంగు కారుకు క్లియర్ కొడితే గాజు సీసాలో పెట్టినట్టు ఉంటుంది. ఆ కాలపు మెరుపు రంగులోంచే రావాలి. ఆధునిక మెటాలిక్ రంగులకు మాత్రం క్లియర్ తప్పదు.

షేడ్ కోసం కారు మీద రంగు కోడు ఉండే పలకను చూడండి. కానీ రంగును పోల్చాల్సింది ఎండ సోకని చోట, లోపలి అట్టల వెనక, డిక్కీ మూలల్లో. ఒక అట్టముక్క మీద కారుకు కొట్టబోయే పద్ధతిలోనే కొట్టి, పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడండి. రెండు మూడు డబ్బాలు తెస్తే అన్నిటినీ ఒకే పెద్ద పాత్రలో కలిపేసుకోండి. డబ్బాకు డబ్బాకు ఉండే వెంట్రుకవాసి తేడా తలుపుకూ ఫెండరుకూ మధ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొట్టే రోజు గాలి వేడి 20 నుంచి 25 డిగ్రీలు ఉంటే మేలు. రేకు వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. నేల తడిపితే దుమ్ము అణగుతుంది. ద్రావకాల ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారుగా పాకుతుంది. గీజరు మంట, ఫ్రిజ్, స్విచ్చు నిప్పురవ్వ చాలు దానికి. గన్‌ను రేకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం కదుపుతూ నడపండి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. స్ప్రే డబ్బా అయితే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, లోపలి గోలీ మోగడం మొదలైనప్పటినుంచి రెండు నిమిషాలు ఊపండి.

చాసిస్‌కు తేమతో గట్టిపడే యురేథేన్ రంగు గొప్పగా ఉంటుంది, ఇదీ ఐసోసైనేట్ రకమే అని గుర్తుంచుకుంటే. అది ఎండకు ఆగదు కాబట్టి వెలుతురు తగిలేచోట పైన మరో రంగు వేయాలి. మూత పెట్టేముందు డబ్బా అంచు తుడిచి పాలిథిన్ కాగితం పరచండి, లేకపోతే ఆ మూత ఇక రాదు. ఎగ్జాస్ట్‌కు 600 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్న సిలికాన్ ఆధారిత రంగే వేయాలి. అది గాలికి ఆరినట్టు కనిపించినా, డబ్బా మీద చెప్పిన వరుసలో ఇంజిన్‌ను ఆగి ఆగి వేడిచేశాకే గట్టిపడుతుంది.

5. జిగురు

ముందుగా వద్దన్నదాని సంగతి. స్నానాల గదిలో వాడే సిలికాన్‌ను కారు దరిదాపులకు తేకండి. పిండినప్పుడు వెనిగర్ వాసన వేస్తుందే, ఆ రకం ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఖాళీ రేకు దాని కిందే తుప్పు పడుతుంది. వాసన లేని రకమైనా, తీసేశాక మిగిలిన పొర కంటికి కనిపించదు, రంగు మాత్రం దాన్ని కనిపెడుతుంది. పైన చెప్పిన చేప కళ్లు అక్కడే లేస్తాయి.

రేకుల అతుకులకు సీమ్ సీలర్ అని విడిగా దొరుకుతుంది. పాలియురేథేన్ లేదా ఎంఎస్ పాలిమర్ రకం తీసుకోండి, రంగు పట్టేవి ఇవే. దాన్ని ఖాళీ రేకు మీద కాదు, ఎపాక్సీ ఆరాక దానిపైన వేయాలి. పాత సీలర్ పగుళ్ల మీద కొత్తది పూయడం లోపలి నీటికి తలుపు గడియ పెట్టడం లాంటిది.

ముందు అద్దం దగ్గర చాలామంది పొరపడతారు. 1960ల దాకా ఎక్కువ కార్లలో అద్దం రబ్బరు చట్రంలో కూర్చుంటుంది, జిగురుతో కాదు. రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, బాడీ అంచు దూరే గాడిలో ఒక నునుపైన తాడు పెట్టండి. రెండు కొసలూ అడుగు మధ్యలో ఒకదానిమీద ఒకటి దాటాలి. సబ్బు నీళ్లు రాసి బయటినుంచి అద్దాన్ని ఆనించి, ఒకరు అరచేతులతో నొక్కుతుంటే, లోపలివాళ్లు తాడును మెల్లగా లాగాలి. తాడు వచ్చినచోటల్లా రబ్బరు పెదవి అంచు మీదికి దూకి కూర్చుంటుంది. చూడముచ్చటైన పని. నీరు కారితే ఎప్పటికీ గట్టిపడని, సందులు పూడ్చే నల్లటి ముద్ద, అంటే మాస్టిక్‌ను రబ్బరు కిందికి ఎక్కించండి. యురేథేన్ పిండారో, తర్వాత రబ్బరు మార్చాల్సిన రోజు దాన్ని కోసి తీయాలి, అద్దం పగిలే ప్రమాదం కూడా. తర్వాతి తరం కార్లలో అద్దాన్ని యురేథేన్‌తోనే అతికిస్తారు. అక్కడ అద్దం బాడీ బలంలో భాగం. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

కార్పెట్‌కు, తలుపు అట్టలకు కాంటాక్ట్ జిగురు. రెండు వైపులా పలచగా రాసి, వేలి కణుపు తగిలిస్తే తీగ సాగనంతవరకు ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. కలిపాక జరపడం కుదరదు. మధ్యలో మైనపు కాగితం పరిచి, ఒక కొస అతికించి, కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ రండి. రెక్సిన్‌కు మాత్రం మామూలు నియోప్రిన్ జిగురు కొన్నాళ్లకే జారుతుంది. రెక్సిన్‌ను మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం జిగురులోకి ఊరి దాన్ని పాకంలా చేస్తుంది. దానికి తట్టుకుంటుందని రాసి ఉన్న రకాన్నే అడగండి.

పైకప్పు గుడ్డలో రెండు రకాలున్నాయి. బాగా పాత కార్లలో అది ఇనుప కడ్డీలకు వేలాడుతుంది, జిగురు అంచులకే. నురగ అంటిన గుడ్డ అయితే అట్టకు మొత్తం అతుకుతుంది. అది వేలాడటం మొదలైందంటే జిగురు కాదు, నురగ పొడి అయిపోయింది. ఆ పసుపు పొడిని అట్ట మీద ఒక్క రేణువు లేకుండా బ్రష్‌తో దులిపాకే కొత్త గుడ్డ. ఎండలో నిలిపిన కారు పైకప్పు ఎంత కాలుతుందో చేయి పెట్టినవాళ్లకు తెలుసు. చేతిపనుల కోసం అమ్మే స్ప్రే జిగురు అక్కడ వేసవి దాటదు. అధిక వేడికి తట్టుకునే ట్రిమ్ జిగురే వాడండి.

రేకును రేకుకు అతికించే ఎపాక్సీని చిన్నచూపు చూడనక్కరలేదు. 1996 లోటస్ ఎలీస్ అల్యూమినియం చాసిస్‌నే ఎపాక్సీతో అతికించారు. కాకపోతే కర్మాగారంలో రేకుకు చేసే శుద్ధి మన షెడ్డులో జరగదు. తలుపు పై రేకు లాంటి వాటికి వాడండి. చాసిస్, తలుపుల కింది సిల్, సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్లకు వెల్డింగే. ఒకసారి అతికించాక ఆ పక్కన వెల్డింగ్ పెట్టకండి. వేడికి జిగురు కాలి విషపు పొగ వస్తుంది, పట్టూ పోతుంది.

సూపర్ గ్లూ నల్ల ప్లాస్టిక్ చుట్టూ తెల్లటి ఆవిరి మచ్చ వదులుతుంది, మీటర్ల దగ్గరికి తేకండి. బోల్టులకు వేసే థ్రెడ్‌లాకర్ కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడుతుంది.

తలుపు చుట్టూ రబ్బరు బీడింగు చివరి పని. దానికి నల్లటి బీడింగు జిగురు మంచిది. పసుపు రకం బాగానే పట్టినా అంచుల్లో కనిపిస్తుంది. ఆ జిగురులోని ద్రావకం పచ్చి రంగును కొరుకుతుంది కాబట్టి పై రంగు పూర్తిగా గట్టిపడేదాకా, లాకర్ అయితే కొన్ని వారాలు, ఆగండి. తొందరపడి అతికించి, తలుపు మూసి పడుకుంటే, పొద్దున రబ్బరు గీత రంగు మీద అచ్చుపడి ఉంటుంది, ఒక్కోసారి రంగు ముక్కనే పట్టుకు వస్తుంది. మొదటి నెల బీడింగు మీద టాల్కమ్ పౌడరు చల్లి, కారు కదలని రోజుల్లో తలుపులను చివరి గడి దాకా వేయకుండా ఓరగా వదిలేయండి.